కార్యదర్శి ఇక లేరు

గురువారం పొద్దున రికార్డుల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడం, ఎడమవైపు కింది దవడ పన్ను ఒకటి పీకించుకోవడం, ఇంటికి వచ్చి చల్లటి పాలు తాగి పడుకోవడం. నాలుగేళ్ళలో ఆయన పెట్టిన మొదటి సెలవు అది. ముందు రోజు సెలవు చీటీ తీసుకువెళితే గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు రోజూ వస్తూనే ఉన్నారా సార్?" అని అడిగాడు.

అడగడంలో తప్పు లేదు. రికార్డుల గది స్టేషను వెనక భాగంలో, మెట్లు దిగితే వస్తుంది. పందొమ్మిది ఇనుప బీరువాల మధ్య ఆయన బల్ల. పాత కాయితం కావలసినవాళ్ళు పైనుంచి చీటీ పంపిస్తారు. కాయితం పైకి వెళుతుంది. మనిషి పైకి వెళ్ళవలసిన పని పడదు. స్టేషన్లో అందరూ ఆయన్ని 'బీరువాగారు' అనేవారు. అసలు పేరు సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉండేది. భార్య పోయి పదకొండేళ్ళయింది, పిల్లలు లేరు. ఇంట్లో రేడియో మాట్లాడేది, ఆయన వినేవాడు. ఆఫీసులో బీరువాలు మాట్లాడేవి కావు, ఆయనా మాట్లాడేవాడు కాదు.

ఇది కాక ఆయనకు ఇంకో హోదా ఉంది. దేశదేశాల పోలీసులు ఉద్యోగపు హద్దులు దాటి స్నేహంగా ఉండాలనీ, ఒకరికొకరు సాయపడాలనీ పెట్టుకున్న అంతర్జాతీయ సంఘం ఒకటుంది. నదికి ఇటు మన దేశంలో నాలుగు ఊళ్ళు, అటు పొరుగు దేశంలో మూడు ఊళ్ళు కలిపి ఆ సంఘానికి ఒక ప్రాంతీయ శాఖ. సభ్యులు ముప్ఫై నలుగురు. ఆ శాఖకు ఈయన గౌరవ కార్యదర్శి. పదవి ఎలా వచ్చిందంటే, ఎన్నిక జరిగిన రోజు జలుబు చేసి ఈయన ఒక్కడే సమావేశానికి వెళ్ళలేదు.

ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం నాలుగు గంటలకు స్టేషను పై అంతస్తు హాల్లో సమావేశం. ఆయన పది కుర్చీలు వేసేవాడు. అరగంట ఆగేవాడు. తరవాత తొమ్మిది కుర్చీలు తీసేసి, పదో దాంట్లో కూర్చుని చేత్తో నివేదిక రాసేవాడు. 'హాజరు: ఒకరు. ప్రాంతీయ సహకారం గురించి చర్చించడమైనది.' ఆ నివేదిక మిగతా ముప్ఫై ముగ్గురికీ వెళ్ళేది. జవాబు ఒక్కచోటి నుంచే వచ్చేది. అవతలి గట్టున రేవు పోలీసు విభాగంలో పనిచేసే ఇన్‌స్పెక్టరమ్మ, సంఘానికి ఉపకార్యదర్శి. ఆవిడ జవాబులో పలకరింపు ఉండదు, తప్పులే ఉంటాయి. 'రెండో వాక్యంలో చర్చ అని ఉన్నది. ఒక్కరే ఉన్నప్పుడు దాన్ని ఆలోచన అంటారు. సవరించగలరు.' ఆయన సవరించి మళ్ళీ పంపేవాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఆవిడకు తనంటే ఎందుకో గిట్టదని ఆయన నిశ్చయించుకున్నాడు.

ఇక గురువారం సంగతి. సంఘం ఈమెయిలు పెట్టెకు నెలకు రెండు ఉత్తరాలు వస్తే గొప్ప. అయినా రాసినవాడికి జవాబు లేకుండా ఉండకూడదన్నది ఆయన పట్టుదల. మనిషి లేనప్పుడు ఫోనే జవాబు పంపించే ఏర్పాటు ఉందని ఎక్కడో చదివాడు. ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేతి చూపుడువేలితో మొదలుపెట్టాడు. 'కార్యదర్శి ఇక్కడ లేరు' అని ఆయన ఉద్దేశం. 'ఇక' దాకా వచ్చేసరికి ఫోను తొందరపడి, తర్వాతి మాట 'లేరు' కదా అన్నట్టు చూపించింది. ఆయన అవునని నొక్కేశాడు. మొత్తం ఇలా తయారైంది: 'కార్యదర్శి ఇక లేరు. అత్యవసర విషయాలకు ఉపకార్యదర్శిని సంప్రదించగలరు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.'

ఏ కాయితాన్నైనా మూడుసార్లు చదివే మనిషి దాన్ని ఒక్కసారీ చదవలేదు. పన్ను చదవనివ్వలేదు. ఫోను ఛార్జింగుకు పెట్టి అక్కడే వదిలేశాడు, దానికి ఎవరూ చేయరు కనుక. దవడ కిందనుంచి నడినెత్తి మీదికి తువ్వాలు బిగించి కట్టుకుని, టాక్సీ పిలిచి, వెనక సీట్లో ఒరిగిపోయి వెళ్ళాడు. పక్కింటావిడ కిటికీలోంచి చూసింది.

పదింటికి సంఘం ప్రధాన కార్యాలయం వాళ్ళు, 'మీ శాఖ సభ్యుల చిరునామాలు సరిచూసుకోండి' అని ప్రపంచంలోని అరవై శాఖలకూ ఒకే ఉత్తరం పంపారు. ఏటా పంపేదే. వెంటనే కార్యదర్శి ఫోను అరవై శాఖలకూ కలిపి జవాబిచ్చింది: కార్యదర్శి ఇక లేరు. దాంతో సంతాపాలు మొదలయ్యాయి. ప్రతి సంతాపానికీ ఫోను మర్యాదగా బదులిచ్చింది: కార్యదర్శి ఇక లేరు. మొదటి గంటలో ఆయన నలభై ఒక్కసార్లు పోయాడు. ఎక్కడో సముద్రాల అవతలి శాఖ ఒకటి కంగారుపడి, 'మీ ప్రాంతంలో ఏదైనా అంటురోగమా? ఇంతమంది కార్యదర్శులా?' అని అడిగింది. దానికీ అదే జవాబు వెళ్ళింది.

ప్రధాన కార్యాలయంలోని అధ్యక్షుడు ఊరుకోలేక స్టేషను సూపరింటెండెంటుకు ఫోన్ చేశాడు. ఈ సూపరింటెండెంటు బదిలీ మీద వచ్చి మూడు నెలలే అయింది. అవతల గొంతు గద్గదంగా ఉంది. "మీ అధికారి మా సంఘానికి మూలస్తంభం అండి," అంది. సూపరింటెండెంటు కూడా గొంతు సవరించుకుని, "అవునండి, మాకూ అంతే," అని ఫోను పెట్టేసి గుమాస్తాను పిలిచాడు.

"ఈ పేరు గలవాడు మన దగ్గర ఉన్నాడా?"

"లేరు సార్."

"సర్వీసు పుస్తకం చూడవయ్యా."

గుమాస్తా చూశాడు. "అయ్యయ్యో! ఈయనా! బీరువాగారండి ఈయన!"

"ఇవాళ వచ్చాడా?"

"సెలవు పెట్టారు సార్. నాలుగేళ్ళలో మొదటిసారి."

"కారణం ఏం రాశాడు?"

"నొప్పి అని ఒక్క మాటే రాశారు సార్."

సూపరింటెండెంటు చెయ్యి తనకు తెలియకుండానే గుండె మీదికి వెళ్ళింది. వెంటనే ఒక హెడ్ కానిస్టేబుల్ని ఇంటికి పంపించాడు. అతను పావుగంటలో తిరిగి వచ్చి సెల్యూట్ చేశాడు. "తలుపు తాళం వేసుంది సార్. లోపల ఫోను అదేపనిగా మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. పక్కింటావిణ్ణి విచారించాను. పొద్దున్నే దవడకి గుడ్డ కట్టి బండిలో తీసుకెళ్ళారట."

"కూర్చోబెట్టా, పడుకోబెట్టా?"

"ఒరిగిపోయి ఉన్నారట సార్. కళ్ళు మూసుకునే ఉన్నాయట."

ఇక చెప్పేదేముంది? ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత బిగువైన కేసు సూపరింటెండెంటు చూడలేదు. శవం ఒక్కటి తప్ప అన్నీ దొరికాయి. దానికోసం ఆసుపత్రులకు మనుషుల్ని పంపించి, జెండా సగానికి దించమన్నాడు. మూడింటికి పై హాల్లో సంతాప సభ అన్నాడు. ఫొటో కోసం వెతికితే స్టేషను వార్షికోత్సవంలో తీసిన గుంపు ఫొటో ఒకటి దొరికింది. అందులో బీరువాగారు స్తంభం వెనక నిలబడ్డారు. ఒక చెవి, ఒక భుజం స్పష్టంగా పడ్డాయి. వాటినే పెద్దవి చేయించి చట్రం కట్టించారు.

ఈలోగా ప్రాంతీయ శాఖ సభ్యులందరికీ ప్రధాన కార్యాలయం నుంచి కబురు వెళ్ళింది: 'మన ప్రాంతీయ సహకారానికి ఇది పరీక్షా సమయం.' పరీక్ష అనేసరికి పోలీసులు కదిలారు. అవతలి గట్టు నుంచి తొమ్మిది బండ్లు, పెద్ద పెద్ద పుష్పగుచ్ఛాలతో వంతెన మీదికి వచ్చాయి.

ఆ వంతెనకు రెండు చివరలా రెండు గేట్లు. ఒకటి తీసినప్పుడు రెండోది మూసి ఉంటుంది, మధ్యలో బండ్లు ఎండకు మాడుతుంటాయి. రెండూ ఒకేసారి తీసే ఏర్పాటు చేయమని కార్యదర్శి తొమ్మిదేళ్ళలో పద్దెనిమిది ఉత్తరాలు రాశాడు. 'పరిశీలనలో ఉంది' అని పద్దెనిమిది జవాబులు వచ్చాయి. ఆ రోజు పదకొండు నిమిషాల్లో రెండు గేట్లూ బార్లా తెరుచుకున్నాయి. పొరుగు దేశపు పూలు కనుక తనిఖీ చేయాలని పుష్పగుచ్ఛాల్ని మాత్రం ఆపారు. ఆగినంతసేపూ ఊరికే నిలబడటం ఎందుకని రెండు దేశాల ట్రాఫిక్ అధికారులూ దొంగబండ్ల జాబితాలు మార్చుకున్నారు. జాబితాలో నాలుగో బండి ఆ వరసలోనే, వాళ్ళ వెనక మూడోదిగా నిలబడి ఉంది. దాని డ్రైవరు, పాపం, తనకోసమే ఇంతమంది వచ్చారనుకుని చేతులెత్తేశాడు.

ఇవేవీ తెలియని కార్యదర్శి పళ్ళ డాక్టరు కుర్చీలోనే ఉన్నాడు. ఆయన వంతు వచ్చేసరికే పన్నెండు దాటింది, పన్ను చూస్తే మొండిది. గంటన్నర పట్టింది. చివరికి అది వచ్చేసరికి దవడ ఉబ్బి, ఎడమ కన్ను సగం మూసుకుపోయి, మొహం ఇంకెవరిదో అయింది. డాక్టరు దూది కుక్కి, తువ్వాలు మళ్ళీ కట్టి, "సాయంత్రం దాకా మాట్లాడకండి," అన్నాడు. ఆ షరతు ఆయనకు పెద్ద కష్టంగా తోచలేదు.

కాసేపు అక్కడే కూర్చుని, కళ్ళు తిరగడం తగ్గాక నడుచుకుంటూ బయల్దేరాడు. ఇంటికి వెళ్ళాలంటే స్టేషను గేటు ముందునుంచే వెళ్ళాలి. జెండా సగానికి దిగి ఉండటం చూసి ఆగిపోయాడు. గేటు దగ్గర ఆ వారమే చేరిన కానిస్టేబుల్ని 'ఏమిటది' అన్నట్టు చేత్తో అడిగాడు.

"మా రికార్డుల ఇన్‌స్పెక్టరుగారు పోయారండి," అన్నాడు కానిస్టేబులు. తరవాత ఉబ్బిన మొహం, ఎర్రబడ్డ కన్ను, నీరు కారుతున్న ముక్కు చూసి గొంతు తగ్గించాడు. "మీరు వారి బంధువులా అండి?"

ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. నోటితో "ఊహూఁ ఊహూఁ" అన్నాడు. కానిస్టేబులు మంచివాడు. "ఏడవకండి, ఏడవకండి," అంటూ భుజం పట్టుకుని నేరుగా సూపరింటెండెంటు గదికి నడిపించాడు. "సార్, బీరువాగారి అన్నగారు వచ్చారు."

సూపరింటెండెంటు లేచి నిలబడ్డాడు. ఆయన బీరువాగారిని చూసింది ఒక్కసారే, అదీ ఫైళ్ళ వెనక, యూనిఫారంలో. పక్కనే ఉన్న గుమాస్తా తేరిపార చూసి, "అచ్చం తమ్ముడి పోలికే సార్. ఈయన కాస్త లావు, అంతే," అని ధ్రువపరిచాడు.

కార్యదర్శి బల్ల మీది కాయితం లాక్కుని, 'నేను బతికే ఉన్నాను' అని రాసి సూపరింటెండెంటు ముందు పెట్టాడు.

సూపరింటెండెంటు చదివాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "అదేనండీ పెద్దవాళ్ళకి శిక్ష," అన్నాడు. "తమ్ముడు పోవడం, మనం బతికుండటం. ఎవరు మాత్రం ఏం చేస్తాం చెప్పండి. మంచినీళ్ళు తాగుతారా?"

కార్యదర్శి మంచినీళ్ళ గ్లాసు పక్కకు జరిపి ఇంకో కాయితం తీసుకున్నాడు. ఈసారి ఎవరూ పొరబడటానికి వీల్లేకుండా రాశాడు: 'పోయింది నేను కాదు, పన్ను.' రాసి, మడిచి, అందివ్వబోతుండగా బయట బండ్లు ఆగిన చప్పుడు వినిపించింది. ఆయన కిటికీలోంచి చూశాడు.

బండ్లలోంచి పోలీసులు దిగుతున్నారు. ఇటు నాలుగు ఊళ్ళవాళ్ళు, అటు మూడు ఊళ్ళవాళ్ళు. కొందరిని సభ్యత్వపు కాయితాల మీది ఫొటోల్ని బట్టి గుర్తుపట్టాడు. అదిగో, అయిదేళ్ళ కిందట 'తప్పక వస్తాను' అని రాసిన జాగిలాల విభాగం అధికారి. అదిగో, 'వచ్చే నెల చూద్దాం' అని ప్రతి నెలా రాసిన ట్రాఫిక్ అధికారి. కొందరి తలలు నెరిశాయి, ఫొటోలు మార్చుకోవాలి. వేళ్ళ మీద లెక్కపెడుతూ ముప్ఫై ఒకటి దాకా వచ్చాడు. అంతమంది తనకోసం రావడం ఆయన పెళ్ళిలో కూడా జరగలేదు. మడిచిన చీటీ నెమ్మదిగా జేబులోకి వెళ్ళిపోయింది. ఒక్క పావుగంట, అనుకున్నాడు. వీళ్ళు ఏమంటారో విని, అప్పుడు ఇస్తాను.

ఆ అనుకోవడం తప్పేనని ఆయనకు అప్పుడే తెలుసు.

పై హాలు నిండిపోయింది. అన్నగారిని ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా చట్రంలో చెవీ, భుజమూ ఉన్నాయి. మొదట సూపరింటెండెంటు లేచాడు. "ఆయన గది తలుపు ఎవరికైనా, ఎప్పుడైనా తెరిచే ఉండేది," అన్నాడు. ఆ తలుపు గొళ్ళెం విరిగి మూడేళ్ళయింది. తరవాత జాగిలాల అధికారి వచ్చి, "మా కుక్కలంటే ఆయనకి ప్రాణం. వాటికీ ఆయనంటే అంతే," అన్నాడు. కార్యదర్శి కుక్కపిల్ల ఎదురైతే రోడ్డు దాటి అవతలివైపు నుంచి నడిచే మనిషి. ట్రాఫిక్ అధికారి కళ్ళు తుడుచుకుని, "ఆ నవ్వు! ఆయన నవ్వితే గదంతా వెలిగిపోయేదండి," అన్నాడు. ముందు వరసలో ఉన్నాయన తాను ఆఖరుసారి ఎప్పుడు నవ్వాడో గుర్తుచేసుకోబోయి, దొరక్క వదిలేశాడు. అన్నీ అబద్ధాలే. అయినా వెచ్చగా ఉన్నాయి. ఇంకో ఇద్దరు మాట్లాడితే బాగుండుననిపించింది.

అప్పుడు వెనకనుంచి ఒకావిడ లేచి వచ్చింది. అవతలి దేశపు యూనిఫారం, యాభై దాటిన వయసు, చంకలో లావుపాటి ఫైలు. "నేను ఉపకార్యదర్శిని," అంది. గొంతు ఉత్తరాల్లో లాగే పొడిగా ఉంది. ఫైలు బల్ల మీద పెట్టి విప్పింది.

"ఇవి నూట ఏడు నివేదికలు. ప్రతి దాంట్లో మొదటి వాక్యం ఒకటే. హాజరు: ఒకరు. ఆయన కావాలంటే అయిదుగురు అని రాయొచ్చు, పదిమంది అని రాయొచ్చు. ఎవరొచ్చి చూస్తారు? రాయలేదు. నూట ఏడుసార్లు ఒకరు అనే రాశారు. మీరెవరూ ఆయన నవ్వు చూడలేదు. చూడాలంటే రావాలి కదా." హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. "మిమ్మల్ని అనడానికి నాకేం హక్కు లేదు. మా ఇంటి నుంచి ఈ హాలుకి ఇరవై నిమిషాలు. తొమ్మిదేళ్ళు. నేనూ..." అని ఆగింది. ఇంకోసారి మొదలుపెట్టింది. "నేనూ రాలేదు." తరవాత ఒక కాయితం ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

కార్యదర్శి లేచి నిలబడ్డాడు. మొహం మీద ఎవరో చెంబెడు చన్నీళ్ళు కొట్టినట్టయింది. డాక్టరు మాట మరిచి, దూది బయటికి లాగేసి, మొద్దుబారిన పెదాలతో గట్టిగా అరిచాడు.

"ఫేను ఫోలేదు!"

"ఫోను లేదా అండి?" అని సూపరింటెండెంటు తన ఫోను తీసి ఇచ్చాడు. "ఇదిగో, దీన్నుంచి చేసుకోండి. ఇంటికేనా?"

"ఫేనే! ఫేనే!"

"ఫ్యాను వెయ్యండయ్యా, ఊపిరాడటం లేదనుకుంటా," అన్నాడు గుమాస్తా వెనకనుంచి.

ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టబోయారు. ఆయన విదిలించుకుని, జేబులోంచి మడత చీటీ తీసి ఉపకార్యదర్శి చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని చీటీ విప్పింది. చదవడానికి ముందే ఆవిడ మొహం మారింది. ఒత్తులన్నీ తోకల్లా కిందికి లాగే ఆ రాత ప్రపంచంలో ఒక్కరిదే, దాన్ని ఆవిడ తొమ్మిదేళ్ళుగా చదువుతోంది. చీటీ చదివింది. మనిషిని చూసింది. మళ్ళీ చీటీ చదివింది.

"పోయింది ఈయన కాదట," అంది సభ వైపు తిరిగి. "పన్నట."

ఆవిడ తన ఫోను తీసి పొద్దుటి జవాబు వెతికి పట్టుకుంది. "ఇక లేరు," అని చదివింది. "మీరు ఇక్కడ లేరు అని రాయబోయారు. అవునా?"

ఆయన తల ఊపాడు.

"ఒక ఒత్తు, ఒక అక్షరం. మూడుసార్లు చదవాలని మీకు నేను చెప్పాలా?"

సూపరింటెండెంటు కార్యదర్శిని చాలాసేపు చూశాడు. ముఖాన చిరునవ్వు పెట్టుకుని చూశాడు గానీ అది నిలబడలేదు. "చాలా సంతోషం," అన్నాడు. "మీకు మెమో ఇవ్వాలో అభినందన పత్రం ఇవ్వాలో రేపు ఆలోచిస్తాను." జెండా పైకి ఎత్తమని చెప్పడానికి కిందికి వెళ్ళి, మళ్ళీ రాలేదు. ట్రాఫిక్ అధికారి చెయ్యి కలిపి, "బతికే ఉన్నారు, మంచిది," అని గడియారం చూసుకున్నాడు. జాగిలాల అధికారికి కుక్కల భోజన సమయం గుర్తొచ్చింది. ఒకరి తరవాత ఒకరు, సగం రోజు సెలవు దండగైపోయినవాళ్ళ మొహాలతో, "మళ్ళీ కలుద్దాం" అంటూ మెట్లు దిగారు. పోయినవాడి కోసం గంటన్నర కదలకుండా కూర్చున్నవాళ్ళు, బతికున్నవాడి కోసం పావుగంట ఉండలేకపోయారు. పుష్పగుచ్ఛాల్ని మాత్రం వదిలి వెళ్ళారు, వంతెన దగ్గర మళ్ళీ తనిఖీ అంటారని.

హాల్లో ఇద్దరు మిగిలారు. ఉపకార్యదర్శి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎప్పటినుంచి కూర్చున్నారు ఇక్కడ?"

ఆయన చట్రాన్నీ, దాని ఎదురుగా ముందు వరసలో తన కుర్చీనీ చూపించాడు. మొదటినుంచీ.

"జేబులో చీటీ పెట్టుకునా?"

ఆయన తల దించుకున్నాడు.

"వీళ్ళందరి మాటా వదిలేయండి. వంతెన మీద ఆ పూల తనిఖీ అంతసేపూ నేను ఏమనుకుంటూ కూర్చున్నానో మీకు తెలుసా? తెలియదు. చెప్పను కూడా." ఆవిడ ఫైలు మూసి తాడు కట్టింది. ముడి రెండుసార్లు జారిపోయింది.

ఆయన చీటీ వెనక్కి తిప్పి రాశాడు: 'మీకు నేనంటే గిట్టదనుకున్నాను.'

"గిట్టదు," అంది ఆవిడ. "ముఖ్యంగా ఇవాళ." కిటికీ వైపు చూస్తూ అంది, "మొదటి రెండేళ్ళూ మీ నివేదికల్లో నిజంగానే తప్పులుండేవి. తరవాత తగ్గిపోయాయి. చాలా వెతుక్కోవలసి వచ్చేది. ఒక్కోసారి రాత్రి భోజనం అయ్యేదాకా వెతికేదాన్ని. ఏదీ దొరక్కపోతే ఆ నెల మీకు ఏమని రాయాలి? ఎలా ఉన్నారని రాస్తానా? మన ఇద్దరికీ అలవాటు లేని పని."

ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ ఉత్తరం వచ్చిన రోజు తనకు కోపం వచ్చేదనే అనుకున్నాడు. అది కోపం కాదేమో. ఆ ఉత్తరం రావడం ఆలస్యమైన నెలల్లో పై మెట్ల వైపు ఎన్నిసార్లు చూసేవాడో ఇప్పుడు గుర్తొచ్చింది.

కిందనుంచి బండి హారను మోగింది. ఆవిడ లేచింది. "నాతో వచ్చినవాళ్ళు పిలుస్తున్నారు. గేట్లు మళ్ళీ మామూలు పద్ధతిలోకి వెళ్ళకముందే దాటాలట." మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "రెండో శనివారం ఎన్ని గంటలకి?"

నూట ఏడు నివేదికల్లోనూ ఆ సమయం రాసి ఉంది. ఆయన నాలుగు వేళ్ళు చూపించాడు. ఆవిడ తలూపి మెట్లు దిగింది. ఆయన నలభై కుర్చీలు ఒక్కొక్కటీ మోసి గోడవారగా పేర్చాడు. చాలాసేపు పట్టింది. దవడలో మత్తు దిగి నొప్పి మొదలైంది, ఎవరికీ చెప్పలేదు.

రెండో శనివారం ఆవిడ వచ్చింది. మిగతా ముప్ఫై ఇద్దరూ రాలేదు. ఇద్దరూ కుర్చీలు ఎదురెదురుగా వేసుకున్నారు. ఏం మాట్లాడాలో తెలియక కాసేపు వాతావరణం గురించి, కాసేపు పళ్ళ డాక్టర్ల గురించి మాట్లాడారు. తరవాత ఆవిడ సంచిలోంచి ప్రధాన కార్యాలయం ఉత్తరం తీసి పైకి చదివింది. ఒకే రోజు వంతెన గేట్లు రెండూ తెరిపించి, దొంగబండిని పట్టించి, ముప్ఫై మందికి పైగా సభ్యుల్ని ఒక్కచోట చేర్చినందుకు ఈ శాఖను ఆ ఏటి ఉత్తమ ప్రాంతీయ శాఖగా ఎంపిక చేశారట. ఇంత విజయవంతమైన కార్యక్రమాన్ని ఇకపై ఏటేటా జరపవలసిందిగా కోరుతున్నారట.

వచ్చే ఏడాది పోవలసింది ఎవరో మాత్రం ఆ ఉత్తరంలో రాయలేదు.